ఒక బోల్టంత ఆలస్యం

ఆదివారం పొద్దున్నే కారు కింద కడ్డీ బిగించేసి, తొమ్మిదింటికల్లా స్నానం చేసి, ఓ కునుకు తియ్యాలని ప్రూఫ్ రీడరు అనుకున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా కారు ఒరిగిపోతోందనీ, కడుపులో తిప్పుతోందనీ భార్య రెండేళ్ళుగా పోరుతోంది. ముందు చక్రాలను పట్టి ఉంచే ఇనప చేతులు రెండింటినీ కలుపుతూ అడుగున కడ్డీ వేస్తే ఒరగదని దుకాణంవాడు చెప్పాడు. కడ్డీతోపాటు నాలుగు పేజీల సూచనలు కూడా ఇచ్చాడు. అచ్చాఫీసులో రోజంతా ఇతరుల తప్పులు చదివే మనిషి కనుక ఇంట్లో అక్షరం ముట్టడు. బొమ్మ మాత్రం చూశాడు.

ఒక వైపు బోల్టు బిగించాకే రెండో వైపు విప్పాలని మూడో పేజీలో ఉంది. అతను రెండూ ఒకేసారి విప్పాడు. ఒక ఇనప చెయ్యి టక్కున పక్కకు జరిగింది. ఇక బోల్టు రంధ్రంలోకి దిగనంది. చక్రం వంకరగా వేలాడింది. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న ఒక్క దారీ ఆ కారుతో నిండిపోయింది. మనిషి పక్కకు తిరిగితేనే దూరగలడు.

అప్పుడు భార్య వచ్చి కారు పక్కన వంగింది.

"ఏమండీ, పై వాటా స్టేషన్ మాస్టరు గారు పోయారు. తెల్లవారుజామున, నిద్రలోనేనట."

రిటైరై పదేళ్ళయినా ఆ పెద్దాయన రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, "ఇవాళ నాలుగు నిమిషాలు లేటు" అని అతన్ని పలకరించేవాడు.

"ముందు కారు తియ్యండి. పదింటికి ఆయన్ని తీసుకెళ్ళే బండి వస్తుందట."

"పావుగంట," అన్నాడతను. ఆ మాట ఆ పొద్దున నాలుగుసార్లు అన్నాడు.

తొమ్మిదిన్నరకు బంధువులు మొదలయ్యారు. మాస్టారికి వరసకు చెల్లెలయ్యే ఒక పెద్దావిడకు చూపు సరిగా ఆనదు. గేటు దాటగానే నేల మీద కదలకుండా ఉన్న రెండు పాదాలు కనిపించాయి. "అన్నయ్యా" అంటూ వాటి మీద పడిపోయింది. బోల్టు పళ్ళ మధ్య ఉండటంతో ప్రూఫ్ రీడరు మాట్లాడలేక మూలిగాడు.

"ఊపిరుంది," అని ఆవిడ సొమ్మసిల్లింది.

కారు మీద పడి మాస్టారు పోయారని వెనకవాళ్ళు అనుకున్నారు. ఒకతను ఫోన్లో మరో ముగ్గురికి చెప్పాడు. మాస్టారి తమ్ముడు మెట్లు దిగి వచ్చి, ఆ కాళ్ళు పట్టుకుని ప్రూఫ్ రీడర్ని బయటికి లాగేసరికి సగం చుట్టాలు నిర్ణయానికొచ్చేశారు.

"కారు నీదేనా?" అన్నాడు ఒకాయన.

"నాదే, కానీ..."

కానీ తర్వాతది ఎవరూ వినలేదు.

పదింటికి బండి గేటు బయట ఆగింది. మనిషిని మోసుకుపోయే దారి లేదు. కారును ఎత్తి పక్కన పెడదామన్నారు. ఎత్తితే చక్రం ఊడుతుంది. తమ్ముడు గడియారం చూసుకున్నాడు.

"శ్మశానంలో పదకొండింటికని మాట్లాడి ఉంచాను. అన్నయ్య జన్మలో ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు."

ప్రూఫ్ రీడరు సిగ్గుతో మళ్ళీ కారు కిందికి దూరాడు. కాసేపటికి ఎవరో నెమ్మదిగా పక్కన కూర్చున్న చప్పుడైంది. మాస్టారి భార్య.

"ఎంతసేపట్లో అవుతుంది బాబూ?"

"క్షమించండి పిన్నిగారూ. పావుగంటలో అయిపోతుంది."

"అంత తొందరగానా?"

అతను తల తిప్పి చూశాడు. ఆవిడ ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయింది.

"అమ్మాయి బస్సు పన్నెండున్నరకి గానీ రాదు. మరిదిగారు ఆగనంటున్నారు. నా మాట ఎవరూ వినిపించుకోవడం లేదు. నీ కారుకైతే ఆగుతారు."

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. అంతలో బండి డ్రైవరు వంగి చూశాడు. "ఓస్, ఇదా సార్? జాకీతో ఆ చెయ్యి కొంచెం లేపితే బోల్టు దిగిపోతుంది. అయిదు నిమిషాల పని. బోల్టివ్వండి."

ప్రూఫ్ రీడరు బోల్టు చొక్కా జేబులో వేసుకున్నాడు.

"కనబడటం లేదు," అన్నాడు.

పన్నెండు దాటేసరికి చనిపోయినాయన బంధువర్గమంతా మోకాళ్ళ మీద ఉంది. చీపురుతో ఒకరు, ఫోన్ లైటుతో ఒకరు. తెల్లచొక్కా తమ్ముడు మురుగుకాలవలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ప్రూఫ్ రీడర్ని తిట్టనివాళ్ళు లేరు. అతనూ వాళ్ళతోపాటు పాకుతూ వెతికాడు. జేబు మీద ఒక చెయ్యి ఉంచుకున్నాడు. అతని భార్య కిటికీలోంచి చూసి తలుపేసుకుంది.

ఒంటిగంటకు పది నిమిషాలుందనగా సంచీతో ఒకమ్మాయి వచ్చింది. పాకుతున్నవాళ్ళను చూసింది గానీ ఏమీ అడగలేదు. ప్రహరీకి వీపు ఆనించి కారు దాటి, మెట్లెక్కింది. పైనుంచి ఒక్క కేక వినబడింది. కింద అందరి చేతులూ ఆగిపోయాయి.

చాలాసేపటి తర్వాత ప్రూఫ్ రీడరు బోల్టు డ్రైవరు చేతిలో పెట్టాడు. "దొరికింది." ఎక్కడని ఎవరూ అడగలేదు.

డ్రైవరు అయిదు నిమిషాల్లో చక్రం నిలబెట్టాడు. అందరూ కారును వీధిలోకి నెట్టారు. మాస్టారు ఆ దారినే వెళ్ళారు, ముందు కూతురు నడుస్తుండగా.

బురద చేతులు తుడుచుకుంటూ తమ్ముడు అన్నాడు: "ఇంత చేతకాని మనిషిని నేనెక్కడా చూళ్ళేదు వదినా."

"నేనూ చూళ్ళేదు," అని ఆవిడ ప్రూఫ్ రీడరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో అతని పనితనాన్ని ఎవరూ అంతగా మెచ్చుకోలేదు.