మా ఊరి నాకా చల్లగా ఉండాలి

రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ ఒక్క కాగితానికి మూడు ఆదివారాలు పట్టాయి. అయినా విషయం పాచిపోలేదు. సుంకం వసూలు చేసే నాకా దగ్గర క్యూ ఇంకా అక్కడే ఉంది!

నేను చెప్పొచ్చేదేమిటంటే, సుంకాలు ఎత్తేయకూడదు! ఊళ్లోకి వచ్చే ప్రతి సరుకు మీదా సుంకం ఉండాలి. వీలైతే చుట్టాల మీద కూడా వేయాలి. తూప్రాన్ నుంచి మా ఆడబిడ్డ వచ్చిందంటే నెల దాకా కదలదు. ఆమెను ఉత్త పుణ్యానికి వదలడం ఏం న్యాయం?

నిజాం కాలపు సుంకాల శాఖ కరోడ్‌గిరి పోయినా, మెదక్ పొలిమేరలో ఈ చిన్న నాకా మిగిలింది. ఎలక్షన్లొచ్చాయి కదా, దాని మీదే గొడవ. రొట్టెల భట్టీ జయానందం గారు మీటింగు పెట్టి, "ఫ్రీ ట్రేడ్ కావాలె! మైదా మీద సుంకమేంది?" అని బల్ల గుద్దారు. గానుగ రాంచందర్ గారు పోటీ మీటింగు పెట్టి, "నాకా ఉండాలె! తూప్రాన్ నూనె వస్తే మన గానుగెద్దు ఏం గావాలె?" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఎద్దును కూడా స్టేజీ ఎక్కించారు.

వారం తిరక్కుండానే తూప్రాన్ రొట్టె ఊళ్లోకి దిగింది. జయానందం గారు వెళ్లి నాకాకు పూలదండ వేశారు! అదే రోజు కుల్చారం నుంచి వస్తున్న రాంచందర్ గారి పల్లీల బండిని నాకాలో ఆపారు. ఆయన వెంటనే ఫ్రీ ట్రేడ్ మనిషయ్యారు. పాపం, ఎద్దొక్కటే మాట మీద నిలబడింది.

వాళ్ల సంగతి వదిలేయండి. నాకు జరిగిన మేలు చూడండి. మా ఆయన పోయాక ఇస్తార్లు కుట్టి బతుకుతున్నాను. మోదుగాకు కట్ట నెత్తిన పెట్టుకుని రోజూ ఆ గేటు దాటాలి. అక్కడ చిల్లర కట్టిన రోజు ఇంట్లో అన్నం ఉండదు, జొన్న గట్కే. అయితేనేం? క్యూ ఎంత నెమ్మదంటే, ఒకామె బుట్టలో గుడ్లు సుంకం కట్టేలోపే పిల్లలయ్యాయి. గుడ్డు రేటా, కోడి రేటా అని ఇంకో గంట!

ఆ తీరికలోనే, నా వెనక నిలబడే పంతులమ్మ ఎలిశిబా నాకా రేట్ల బోర్డు చూపించి చదువు చెప్పింది. 'మ' అంటే మేకలు, 'క' అంటే కోళ్లు. రెండేళ్లలో బోర్డు చివరి వరుసకు చేరాను. అక్కడేముందో తెలుసా? "నెత్తిన మోసుకువచ్చు ఆకులకు సుంకము లేదు."

గుమాస్తా హకీం సాబ్‌ను నిలదీశాను. "సాబ్, మరి ఇన్నేండ్ల సంది నా తాన ఎందుకు తీసుకుంటున్నరు?"

ఆయన నోట్లో పాన్ ఆగిపోయింది. "అరె యేసమ్మక్కా! ఉర్దూ బోర్డు తీసి తెలుగు బోర్డు పెట్టిండ్రు. నాకు తెలుగు చదువరాదు. పాత రేట్లే నోటికి చెప్తున్న. నువ్వు చదివితే చెల్లదు, నేను చదవాలె. జర నేర్పరాదు?"

నేర్పుతున్నాను. ఆర్నెల్లయింది, సాబ్ మేకలు దాటలేదు. "నేను గా వరుస కాడికి వచ్చేదాంక నువ్వు కట్టాలె అక్కా. రూల్ అంటే రూల్!" అంటారు, చిల్లర అందుకుంటూ.

అందుకే ఓటర్లారా, నాకా తీసేయకండి. పెద్దాయన చదువు మధ్యలో ఆగిపోతుంది. ఇప్పటికే బాగా ముందుకొచ్చారు. నిన్న గేటు వెనక నిలబడి తెలుగు సినిమా వాల్‌పోస్టరు గడగడా చదువుతున్నారు. నన్ను చూడగానే మళ్లీ మేకల దగ్గరికి వచ్చారు.

యేసమ్మ, వయసు యాభై ఎనిమిది. ఇప్పుడు ఉండేది మెదక్‌లో, నాకా ఎదురింట్లో. క్యూలో చోటు పోకుండా.