మంగరాజు గారి పిడికిలి

కార్మికుడికి హక్కులు కావాలని ఎవరన్నారండీ? అన్నవాళ్లు ఒకసారి నా ఎదటికి రావాలి! కార్మికుడికి కావలసింది హక్కులు కాదు, హక్కుల గురించి మాట్లాడే నాయకుడు. హక్కులన్నీ వచ్చేశాయనుకోండి, ఆ నాయకుడు ఏమైపోవాలి? ఆయన పొట్ట కొట్టడం కార్మికులకి ధర్మమేనా?

నేను ఊరికే అనడం లేదు. అమలాపురంలో పన్నెండేళ్లుగా ఫ్లెక్సీల షాపు నడుపుతున్నాను. బుల్లబ్బాయి డిజిటల్స్ ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. పెళ్లిళ్లకీ, పుట్టినరోజులకీ, పెద్దకర్మలకీ ఎన్నో కొట్టాను గాని, శ్రామికుల మీద ప్రేమతో ఏడాది పొడవునా ఫ్లెక్సీలు కొట్టించేది మాత్రం ఒక్కరే. సముద్రం వైపు ఓ మండలానికి అధ్యక్షులు, మంగరాజు గారు.

ఆయన తొమ్మిది యూనియన్లకి గౌరవాధ్యక్షులు. ఆటోవాళ్లకీ, హమాలీలకీ, కొబ్బరి వలుపు కార్మికులకీ ఆయనే. రైస్ మిల్లు యజమానుల సంఘానికీ ఆయనే! నవ్వుతారేం? సమ్మె వస్తే రెండు పక్షాలూ తానే అయిన మనిషి ఉంటే చర్చలు ఎంత తేలికో ఆలోచించారా? కుర్చీ కూడా మారక్కర్లేదు.

త్యాగం మాటకొస్తే, పోయినేడు హమాలీల రిలే నిరాహార దీక్షలో స్వయంగా కూర్చున్నారు. పెసరట్టు తిని పదిన్నరకి కూర్చున్న మనిషి పన్నెండున్నర దాకా అన్నం మాటెత్తలేదు. ఈ రోజుల్లో ఎవరున్నారండీ అలాంటివాళ్లు!

ఇక మేడే. ఆ రోజు సెలవు కదా, ఇంటి పట్టున ఉంటే కార్మికుడు పాడైపోడూ? అందుకని పొద్దున్న ఏడింటికే ట్రాక్టర్లు పంపిస్తారు. స్టేజీ కట్టేది కార్మికులు, కుర్చీలు మోసేది కార్మికులు, వాటిలో కూర్చునేది అతిథులు. పోయిన మేడేకి నేలలో పాతిన గునపం ముందు నిలబడి కొబ్బరికాయ వలుస్తూ ఫొటో కూడా దిగారు. ఆయన చెయ్యి నొప్పెడుతుందని వీరబాబు అనే వలుపు కార్మికుడు ఆ కాయని ముందే ముప్పాతిక వంతు వలిచి పెట్టాడు. ఫొటోలో వీరబాబు మోచెయ్యి పడితే నేనే చెరిపాను.

కాని ఆయన పేరు మోగిపోయింది రొయ్యల షెడ్డు దగ్గర.

అక్కడ ఎనభై మంది ఆడవాళ్లు తెల్లవారినప్పటినుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తారు. షెడ్డుకి మరుగుదొడ్డి లేదు. ఒకప్పుడు చుట్టూ తోటలుండేవి. ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల చెరువులే. గట్ల మీద దొంగల కోసం కెమెరాలు! అందుకని వాళ్లు నీళ్లు తాగడం మానేశారు. జయమ్మ అనే పెద్దావిడ అందర్నీ కూడగట్టి, యూనియన్ పెట్టి, మరుగుదొడ్డి కావాలని సమ్మె చేయించింది.

రెండో రోజు మంగరాజు గారు టెంటులోకి వచ్చారు. పిడికిలి ఎత్తారు. ఆ పిడికిలి ఫొటో తీసింది నేనే. మూడో రోజుకి యజమాని సూరిబాబు గారు దిగొచ్చారు. వారం తిరక్కుండా శంకుస్థాపన జరిగింది. నల్లరాయి మీద ఇరవై మూడు పేర్లు చెక్కించారు. అందులో జయమ్మ పేరు లేదు. ఒకామె పేరు వేస్తే మిగతా డెబ్భై తొమ్మిది మందీ నొచ్చుకోరూ?

అది జరిగి పద్నాలుగు నెలలైంది. రాయి చెక్కుచెదరలేదు. దాని పక్కన ఒక్క ఇటుకా పడలేదు.

వెళ్లి అడగొచ్చుగా అంటారు. మా కోనసీమ మర్యాద మీకు తెలియదు! శాలువా కప్పిన మనిషిని పట్టుకుని దొడ్డి ఎప్పుడు కడతారని ఎలా అడుగుతామండీ? మంగరాజు గారికి ఈ సంగతి బాగా తెలుసు. జయమ్మ కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిందంటే, ఆయన లేచి నిలబడి ముందు శాలువా తెప్పిస్తారు. ఫొటో అయ్యేసరికి కాగితం శాలువా కిందికి వెళ్లిపోతుంది. అలా ఇప్పటికి ఆవిడ దగ్గర నాలుగు శాలువాలు పోగయ్యాయి.

పోయిన నెల జయమ్మ మా షాపుకి వచ్చింది.

"బాబూ, తప్పు పడి మిగిలిపోయిన ఫ్లెక్సీలుంటే మూడు ఇప్పించండి."

"ఎందుకమ్మా?" అన్నాను.

"మా షైనీ షెడ్డులో పడిపోయిందండి. పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్లు తాగలేదు. నీళ్లు బాగా తాగాలని డాక్టరు గారు చెప్పేరు. తాగితే ఎక్కడికెళ్తాదండి?"

షైనీ ఆవిడ కూతురు. ఇరవై రెండేళ్ల పిల్ల. పదీ ఇరవై అడుగుల ఫ్లెక్సీలు మూడు ఆటోలో వేసుకుని నేనే వెళ్లాను.

షెడ్డు వెనక నాలుగు వెదుళ్లు పాతి ఉన్నాయి. మూడు వైపులా ఫ్లెక్సీలు కట్టాం. నాలుగో వైపు గుమ్మానికి మంగరాజు గారి శాలువా తెర అయింది. శంకుస్థాపన రాయి మీద బకెట్టు, మగ్గు పెట్టారు. పద్నాలుగు నెలల కిందట మొదలైన కట్టడం ఆ పూట పూర్తయింది!

"బొమ్మ బయటికే ఉండాలండి," అంది జయమ్మ, ముడి బిగిస్తూ. "లోపలికుంటే ఆయనగారు చూస్తున్నట్టుంటాదండి. ఆడపిల్లలు సిగ్గుపడతారు."

దాంతో ఇప్పుడు మంగరాజు గారు మూడు వైపులా పిడికిలి ఎత్తి రేయింబవళ్లు కాపలా కాస్తున్నారు. కార్మికుల కోసం ఇంతగా నిలబడ్డ నాయకుణ్ణి మీరు చూశారా? నేను చూడలేదు. ఆ పిడికిలి ఇన్నాళ్లుగా అందంగా కొట్టి పెట్టినవాణ్ణి నేనే కదా అని తలుచుకుంటే మాత్రం సిగ్గేసింది.

వచ్చేసేటప్పుడు జయమ్మ ఆటో దాకా వచ్చింది. "మేడేకి ఫ్లెక్సీ కొడతారుగా బాబూ, ఈసారి కాస్త పెద్దది కొట్టండి. వానలొస్తన్నాయి, పైకప్పుకి సరిపోతాది."

కొట్టాను. పదిహేనూ ముప్పై! మొన్న డెలివరీ ఇస్తుంటే మంగరాజు గారు ఆశ్చర్యపోయారు.

"నేను చెప్పింది పదీ ఇరవయ్యే కదండీ బుల్లబ్బాయి గారూ. పెద్దది కొట్టమని ఎవరన్నారు?"

"రొయ్యల షెడ్డు ఆడవాళ్లండి," అన్నాను.

ఆయన కళ్లు చెమర్చాయి. కండువాతో తుడుచుకున్నారు.

"చూసేరా, నేనంటే వాళ్లకెంత అభిమానమో! నన్ను నెత్తిన పెట్టుకుంటారండీ."

"ఆయ్," అన్నాను.