కోమల ఇంటి వేపుడు కేసు

"మెట్‌పల్లిల ఇప్పటిదాక నా చేతులకెల్లి తప్పించుకున్న దొంగ ఒక్కడు లేడు" అని ప్రకటించాడు అంబదాసు, కోమల ఇంటి గడప మీద ఒక కాలు మోపి.

అది నిజమే. ఆయన చేతికి ఒక్క దొంగా చిక్కలేదు కాబట్టి తప్పించుకునే ప్రసక్తే రాలేదు.

అంబదాసు మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. తెగిన పోగు ఎక్కడుందో వెతికి ముడివేయాలి. వెతికీ వెతికీ ఆ వెతుకులాట తలకెక్కి, డిటెక్టివ్ అయిపోయాడు. ఎర్రటి ఎండలో కూడా వానకోటు విప్పడు, దానికి జేబులెక్కువ. ఒక జేబులో జాతరలో కొన్న భూతద్దం, ఇంకోదాంట్లో టార్చిలైటు, మూడోదాంట్లో మురుకులు. పోయిన నెల పక్కింటి యాదవ్వ కళ్లద్దాలు కనబడకపోతే ఈయన వాడంతా సోదా చేశాడు. చివరికి యాదవ్వే వచ్చి, వాటిని ఈయన ముక్కు మీది నుంచి తీసుకుపోయింది. దూరపు వస్తువులు మసకగా కనబడుతున్నాయని అంతసేపూ ఈయన వాతావరణాన్ని అనుమానించాడట.

అలాంటి మనిషిని కోమల ఎందుకు పిలిచిందంటే, డిటెక్టివ్ పనికి కాదు, పత్తాలాటకు, అదే పేకాటకు.

కోమల మొగుడు సంపత్ దుబాయిలో ఉన్నన్నాళ్లూ రూములో పోకరాట నేర్చుకున్నాడు. తిరిగొచ్చి టైర్ల దుకాణం పెట్టుకున్నాడు గానీ ఆ ఆట మాత్రం వదల్లేదు. ఆదివారం వచ్చిందంటే దోస్తులతో ఊరవతల మామిడితోటకు పోయేవాడు. తోటకు పోయినోడు పత్తాలతోనే ఊరుకుంటాడా? సీసా ఉంటుంది, సీసా తర్వాత కొట్లాట ఉంటుంది, కొట్లాట తర్వాత చీకట్లో బండి నడుపుకుంటూ రావడం ఉంటుంది. కిందటి ఆదివారం మోచేతులు గీరుకుని, అద్దం పగిలిన బండితో వచ్చాడు. ఆ రాత్రి గాయాలు కడుగుతూ కోమల ఒకే మాట అన్నది.

"ఆడుకో. కానీ నా ఇంట్ల ఆడు. పైసలు వద్దు, చింతగింజలు పెట్టి ఆడుండ్రి. సీసా వద్దు, తిండి నేను పెడుత."

సంపత్ సరేనన్నాడు. అతని దోస్తు లింగమూర్తి మాత్రం మెలిక పెట్టాడు. తిండి బాగుంటేనే ఇక్కడ, లేకుంటే తోట ఎక్కడికీ పోలేదన్నాడు. అంటే ఆ ఆదివారం కోమల పొయ్యి మీద పెట్టింది కూర కాదు, మొగుడి ప్రాణం.

ఆమె ఆలోచించి వండింది. పత్తాలాడేవాళ్ల తిండి వేరు. పులుసు పెడితే వేళ్లకంటి పత్తాలకు మరకలవుతాయి, మరక చూసి రాజు ఎవరి దగ్గరుందో చెప్పేస్తారు. అందుకని బియ్యప్పిండితో సర్వప్ప కాల్చి చిన్న ముక్కలు చేసింది. తలకాయ మాంసం సత్తు గంజులో నీరంతా ఇగిరిపోయేదాకా వేపి, మూత పెట్టి, ముక్కలు గుచ్చుకోను సన్నటి వేపపుల్లలు చెక్కింది. అల్లం, పచ్చిమిర్చి దంచి వేసిన మజ్జిగ కుండలో పోసి, గ్లాసులు తన్నుకోకుండా చాపకు దూరంగా పీట మీద పెట్టింది. అంతా సిద్ధం చేసి స్నానానికి పోయింది.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి అత్త బుచ్చవ్వ బయటికి పోతున్నది. వాకిట్లో అంబదాసుకు ఎదురుపడి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నది. అంబదాసు వంగి ఆమె చెప్పుల్ని భూతద్దంతో చూస్తూ ఊఁ కొడుతున్నాడు. మోకాళ్ల నొప్పి గురించి చెబుతున్నదేమోలే అనుకున్నది కోమల. అంబదాసు లోపలికొచ్చి, చెప్పుల దుమ్మును బట్టి బుచ్చవ్వ గుడికి పోతున్నదని తేల్చాడు.

మిగతావాళ్లూ వచ్చారు. చాప పరిచి, సర్వప్ప ముక్కలు మధ్యలో పెట్టుకున్నారు. సంపత్ పత్తాలు కలిపాడు. కోమల వేపుడు తేవడానికి వంటింట్లోకి పోయింది.

వేపుడు గంజు లేదు.

పొయ్యి మీద లేదు, అలమరలో లేదు, మూత కూడా లేదు. సర్వప్ప ముక్కలు ఒక్క ఆటకు సరిపోతాయి. ఆ తర్వాత?

ఆమె గుట్టుగా సంపత్‌ను పిలిచేలోపే వెనక వానకోటు గరగరలాడింది.

"చెల్లె, ఎవ్వరూ కదలద్దు. ఇది మామూలు దొంగతనం కాదు. దీని ఎనుక పెద్ద తలకాయ ఉన్నది."

"తలకాయ ఎనుక కాదన్నా, గంజుల ఉండె" అన్నది కోమల నీరసంగా.

ఇక అంబదాసు విజృంభించాడు. తడి పాదాల గుర్తులు దొరికాయి, వాటి వెంట పాకుతూ పోయి స్నానాల గది తలుపుకు తల కొట్టుకున్నాడు. పిల్లి వెంట్రుక దొరికింది, కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. పిల్లి పనే అయ్యుంటుందని సంపత్ అంటే, పిల్లి మూత కూడా తింటుందా అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

పెరట్లోకి పోయారు. చూరు కింద రెండు గంపలు బోర్లించి, వాటి మీద రాళ్లు పెట్టి ఉన్నాయి. అంబదాసు అక్కడ ఆగి ముక్కు ఎగపీల్చాడు.

"మసాల వాసన అస్తుంది. అంటే దొంగ గీన్నే నిలబడి చేతులు తుడుచుకుండు."

"గంపలు ముట్టకన్నా" అన్నది కోమల. "పొదుగు కోళ్లు. కదిలిస్తే గుడ్లు మురుగుతయని మా అత్త నన్ను సంపుతది."

పొదుగు కోడి గంప ఎత్తేంత పాపిష్టివాళ్లు ఆ వాడలో ఎవరూ లేరు. అందరూ ఒక అడుగు వెనక్కు వేశారు. కోడిని సాక్షిగా మాత్రం రాసుకుంటానన్నాడు అంబదాసు.

ఇంతలో లింగమూర్తి వాచీ చూసుకున్నాడు. "ఆకలైతుంది సంపత్. మజ్జిగ తాగి పత్తాలాడుడు నాతోని కాదు. నడుండ్రి, తోటకు పోదాం."

సంపత్ కోమల వైపు చూడలేదు. మేకుకు తగిలించిన బండి తాళంచెవి తీశాడు. ఆ చప్పుడు కోమలకు ఎక్కడో లోపల తగిలింది. నేనేమైనా వండి పెడతా, ఒక గడియ ఆగండని ఆమె అంటున్నా లింగమూర్తి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఆగు" అన్నాడు అంబదాసు. "పారిపోయేటోడే దొంగ. లింగమూర్తీ, నీ మీసానికి నూనె ఎక్కడిది?"

"సర్వప్పది, నాయనా. నువ్వూ తింటివి కద."

"దొంగలందరు గట్లనే అంటరు. ఇగ తీర్పు చెప్తున్న, అందరు ఇనుండ్రి."

తీర్పు చెప్పేవాడు నిలబడి చెబితే గంభీరం తగ్గుతుందనుకున్నాడో ఏమో, వానకోటు సర్దుకుని, వెనక్కి చూడకుండా గంప మీది రాయి మీద కూర్చున్నాడు. వెదురు గంప, బుచ్చవ్వ పెండ్లినాటిది. ఫెళఫెళమని ఒరిగింది. అంబదాసు నడుం దాకా దిగబడి, కాళ్లు పైకి లేపి, "కోడి కరుస్తుంది" అని ఒక్క కేక పెట్టాడు.

కోడి లేదు. గుడ్లూ లేవు. లింగమూర్తి, సంపత్ చెరో చెయ్యి పట్టి లాగితే, ఆయన కింద మూత గట్టిగా బిగిసిన గంజు, ఇంకా గోరువెచ్చగా.

సరిగ్గా అప్పుడే యాదవ్వ ఇంటి నుంచి బుచ్చవ్వ తిరిగొచ్చింది. విరిగిన గంపను చూసి, అంబదాసును చూసి, కొంగు నడుముకు చెక్కింది.

"వంటింట్ల పిల్లి తిరుగుతుందని, గంజు తెచ్చి ఉత్త గంప కింద పెట్టిన. కోడలు తానం చేస్తుండె. వాకిట్ల వీనికే చెప్పిన, కోమలకు చెప్పు కొడుకా అని. ఊఁ ఊఁ అన్నవు గదరా, ఏమిన్నవు?"

అందరూ అంబదాసు వైపు తిరిగారు. ఆయన వానకోటుకు అంటిన వెదురు పుల్లలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, "కేసు మొదలుగాకముందు చెప్పిన సాక్ష్యం చెల్లదు అవ్వా" అన్నాడు.

సంపత్‌కు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే పోయి తాళంచెవి మేకుకు తగిలించాడు. కోమల అది చూసింది, చూసి గంజు మూత తీసింది. ఆ సాయంత్రం లింగమూర్తి రెండుసార్లు వేపుడు అడిగి పెట్టించుకున్నాడు. అంబదాసు చింతగింజలన్నీ ఓడిపోయి, కేసు ఛేదించినందుకు వేపుడులో పెద్ద ముక్క మాత్రం తనకేనని గెలుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం కూడా ఆట ఇంట్లోనే. కోమల వేపుడు చేసి, కొత్త గంప కింద దాచింది. లింగమూర్తి ముందే వచ్చి గంజుకు చెయ్యి పెట్టే రకమని ఇప్పుడామెకు తెలుసు. జాగా ఎక్కడో ఇంకొకరికైనా చెప్పి ఉంచాలి కదా. ఎవరికి చెబితే బయటపడదో ఆలోచించింది.

వాకిట్లోకి పోయి అంబదాసుకు చెప్పి వచ్చింది. ఆయన ఆమె చెప్పుల్ని భూతద్దంతో చూస్తూ, ఊఁ అన్నాడు.