మిర్కాబ్ హైదరాబాదీ, ఫర్వానియా గంజి

"అల్లా ఇంట్లో ఊళ్ళు లేవు, వంశాలు లేవు. అందరం అన్నదమ్ములమే!" అని కువైట్‌లోని మిర్కాబ్ మసీదు మెట్ల మీద నిలబడి అన్వర్ బాషా ప్రకటించాడు. ప్రకటించి, ఎదురుగా వస్తున్న రాయచోటి మేస్త్రీకి సలాము చెప్పాల్సి వస్తుందని, చెప్పులు వెతుకుతున్నట్టు వంగి ముఖం తిప్పుకున్నాడు.

ఆయన కాపురం ఫర్వానియాలో. ఇంటి ఎదురుగానే మసీదు ఉంది, కిటికీ తెరిస్తే ఇమాముగారి దగ్గు కూడా వినిపిస్తుంది. కానీ అక్కడికి వచ్చేవాళ్ళంతా రాయచోటి, కడప వాళ్ళు కనుక జనం దానికి రాయచోటి మసీదని పేరు పెట్టేశారు. మిర్కాబ్‌లోది హైదరాబాదు మసీదట! రెండూ ఒకే సర్కారు శాఖ కింద ఉన్నవే, రెండు చోట్లా ఇమాములు ఈజిప్టువాళ్ళే. అయినా అన్వర్ బాషా ప్రతి శుక్రవారం రెండు బస్సులు మారి, పూసుకున్న అత్తరంతా చెమటలో కలిసిపోయాక మిర్కాబ్ చేరేవాడు. ఎంత భక్తి!

మిర్కాబ్‌లో ఆయన హైదరాబాదీ. తాతగారు నవాబుల దర్బారులో అత్తరు చల్లేవారట. అసలు తాత రాయచోటి బస్టాండు దగ్గర సైకిళ్ళకు గాలి కొట్టేవాడు. గొప్పలు కొట్టే పని మనవడికి మిగిలింది.

ఈ తిప్పలన్నీ కూతురు అంజుమ్ పెళ్ళి కోసం. అబూ హలీఫాలో ఉండే అబ్దుల్ ఖుద్దూస్ సాహెబ్ అచ్చమైన హైదరాబాదీ. నోరు విప్పితే "మా దేవిడీలో" అంటూ తాతల నాటి బంగళా కబుర్లు మొదలుపెడతాడు. ఆయన కొడుకు నౌమాన్‌తో సంబంధం కుదిరింది, రంజాన్ కాగానే నిఖా. పిల్లలిద్దరూ పెద్దల ఎదుట రెండుసార్లు మాట్లాడుకున్నారు, అంజుమ్‌కు అబ్బాయి నిజంగానే నచ్చాడు. అప్పటినుంచి ఇంట్లో తెలుగు నిషేధం. "నాయనా" అనకూడదు, "అబ్బాజాన్" అనాలి. రాగి సంగటికి దేశబహిష్కారం!

"సరేలే నవాబూ" అనేది భార్య బషీరా బీ.

అంతలో రంజాన్ వచ్చింది. ఎదురు మసీదు ఆవరణలో రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే గంజి పంచుతారు. నూకలు, పెసరపప్పు, కైమా వేసి కాచిన రాయచోటి గంజి! అన్వర్ బాషా పదిహేను రోజులు కిటికీ మూసుకుని నిగ్రహించుకున్నాడు. పదహారో రోజు తలకూ మూతికీ ఎర్రగళ్ళ రుమాలు చుట్టుకుని, స్టీలు క్యారియర్ పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. ముందున్న మనిషి కూడా అలాగే మూతికి గుడ్డ చుట్టుకున్నాడు. పాపం, జలుబేమో!

గంజి పోస్తున్నది చిన్నపుల్లయ్య. రాయచోటివాడే, కువైటీల ఇంట్లో వంటమనిషి. ఆయన హిందువన్న సంగతి ఆ మసీదులో ఎవరికీ పట్టలేదు. హైదరాబాదీ కాకపోతే చాలు.

"ఏం ఖుద్దూసన్నా!" అన్నాడు చిన్నపుల్లయ్య ముందున్న మనిషితో. "అబూ హలీఫా నుంచి దినామూ వస్తాండావే! మీ నాయన గూడా రాయచోటి సంతలో గొర్రెలమ్మి, నేరుగా మసీదు గంజికే వచ్చేటోడు!"

అన్వర్ బాషా చేతిలోని క్యారియర్ ఖంగున కింద పడింది. ముందున్న మనిషి ఉలిక్కిపడి తిరిగాడు. ఇద్దరి రుమాళ్ళూ జారాయి. దేవిడీ సాహెబే!

"అరె, సైకిల్ షాపోళ్ళ అన్వరు గాదూ!" చిన్నపుల్లయ్య పొంగిపోయాడు. "ఎదురింట్లో ఉండి ఇన్నాళ్ళకా వచ్చేది!"

ఇద్దరిదీ ఒకే ఊరు! ఇక కౌగిలించుకోవడమే తరువాయి అని మీరనుకుంటారు. చిన్నపుల్లయ్యా అదే అనుకుని దారి వదిలాడు.

"రాయచోటోళ్ళా మీరు? ఎంత మోసం చేస్తిరి!" అన్నాడు ఖుద్దూస్.

"మోసం మీదా, మాదా? రాయచోటోళ్ళకు నా బిడ్డనిచ్చేది ల్యా!"

"రాయచోటి పిల్ల మా గడప తొక్కేది ల్యా! ఖలాస్!"

"ఖలాస్!"

ఆ ఒక్క మాట మీద మాత్రం ఐక్యత కుదిరింది. గంజిని ఎవరూ వదల్లేదు. ఇద్దరూ నిండుగా పోయించుకునే వెళ్ళారు.

ఇఫ్తార్‌కు కూర్చున్నాక అన్వర్ బాషా సంగతి చెప్పాడు. అంజుమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధ ఆపుకోలేక నిషేధం మరిచిపోయింది.

"నాయనా, మరి మనం యాడోళ్ళం?"

"హైదరాబాదోళ్ళం!" అన్నాడాయన గంజి గిన్నె అందుకోబోతూ.

బషీరా బీ ఆ గిన్నెను లాగి కూతురి ముందు పెట్టింది. తర్వాత ఫోను తీసి నౌమాన్ తల్లికి చేసింది.

"జీనతక్కా, మగోళ్ళిద్దరూ తప్పుకున్న్యారంట గదా. పెండ్లి మన రాయచోటి మసీదులోనే పెట్టుకుందామా?"

"పెట్టుకుందాం చెల్లీ. ఈయన ముందర నుంచి గంజి గిన్నె ఇప్పుడే లాగేసినా!"

"ఏందే ఇది? నేను తండ్రిని!" అరిచాడు అన్వర్ బాషా.

బషీరా బీ రెండు ఖర్జూరాలు ఆయన చేతిలో పెట్టింది.

"ఇది రాయచోటోళ్ళ పెండ్లి సాహెబ్. హైదరాబాదోళ్ళకు పిలుపు తర్వాత పంపిస్తాం."