ఏలీయా బొటనవేలు

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అందరికంటే ముందు యంత్రం మీద వేలు పెట్టి, సాయంత్రానికి మళ్లీ యూనియన్ కార్యదర్శిగా ఇల్లు చేరాలని ఏలీయా ఆ ఉదయం అనుకున్నాడు.

జమ్మలమడుగు దగ్గరి ఆ బండల పాలిష్ ఫ్యాక్టరీలో అరవై రెండు మంది పనివాళ్లు. పార్టీకొకటి చొప్పున రెండు యూనియన్లు. మేనేజరుతో మాట్లాడే హక్కు ఎన్నికల్లో గెలిచినవాడిది. తొమ్మిదేళ్లుగా మాట్లాడుతున్నవాడు ఏలీయా. మాట్లాడేవాడు బండ ముట్టనక్కర్లేదన్నది అక్కడి ఆనవాయితీ.

పోయినసారి ఓట్ల పెట్టెను ఎవరో పట్టపగలే జీపులో వేసుకుపోయారు. అది నాలుగు రోజులకు మైలవరం డ్యాములో దొరికింది. ఫలితం తేలలేదు కాబట్టి పాతవాడే కొనసాగాడు. అందుకని ఈసారి మేనేజరు గంగాధర్, హాజరు కోసం కొత్తగా తెప్పించి, ఆధార్‌తో కలిపిన వేలిముద్రల యంత్రాన్నే ఓటుకూ వాడదామన్నాడు. గోడకు బిగించినదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు. వేలు పెడితే పచ్చదీపం వెలగాలి. తర్వాత ఒకటి నొక్కితే ఏలీయాకు, రెండు నొక్కితే రెండో యూనియన్ నాయకుడు కుళ్లాయప్పకు.

కుళ్లాయప్ప వేంపల్లె నుంచి దొంగ ఓటర్లను దించుతాడేమోనని ఏలీయాకు అనుమానం. ఒప్పందం కాగితంలో తనే ఒక షరతు రాశాడు. "వేలు పడనివాడు ఓటరు కాడు. తర్వాత పేచీ పెట్టరాదు." ఇద్దరూ సంతకాలు చేశారు.

గేటు బయట రెండు పార్టీల జీపులు ఎదురెదురుగా నిలబడ్డాయి. వాటిలో ఏముందో ఎవరూ తొంగి చూడలేదు.

"ఆడోళ్లు ముందు పెట్టనీ మామా," అన్నాడు కుళ్లాయప్ప. అందులో మోసమేమిటా అని ఏలీయా వెతికాడు. దొరకలేదు.

ఆడవాళ్ల లైనులో ముందున్న యల్లమ్మ వేలు పెట్టింది. ఎర్రదీపం. చెంగుకు తుడిచి పెట్టింది. ఎర్రదీపం. ఏలీయాకు కుడిభుజంలాంటి మౌలాలి పెట్టాడు. ఎర్రదీపం. సబ్బు తెచ్చారు, నిమ్మకాయ తెచ్చారు, కొబ్బరినూనె రాశారు. కుళ్లాయప్ప వేలికీ ఎర్రదీపమే.

"ఏంది సార్ ఇది? మిషన్ను కొనేసినారా?" అని కుళ్లాయప్ప మనుషులు అరిచారు.

"కొనేది మీకే శాతనవుతాది!" అని ఏలీయా మనుషులు తిరిగి అరిచారు.

బయట రెండు జీపులూ స్టార్టయ్యాయి. గంగాధర్ చెమట తుడుచుకున్నాడు. "ఏలీయా, నువ్వన్నా పెట్టి సూపించప్పా. లేకుంటే ఈడ తలకాయలు పగుల్తాయి."

ఏలీయా పెట్టాడు. తాకీ తాకకముందే పచ్చదీపం వెలిగి, చిన్న గంట మోగింది.

అందరూ అతని వేలి వైపు తిరిగారు. జీపుల చప్పుడు కంటే ఆ చూపులే అతన్ని ఎక్కువ భయపెట్టాయి. యల్లమ్మ దగ్గరికొచ్చి అతని చెయ్యి తిప్పి, తన బొటనవేలు పక్కన పెట్టి చూసింది. ఆమెది పాలిష్ పట్టిన బండలా నున్నగా ఉంది.

"సానరాళ్లతో బండల అంచులు రుద్దీ రుద్దీ మా ఏళ్లు అద్దాలైనాయి. నీ ఏలికి ఇన్ని గీతలు యాడివప్పా?"

"పుట్టుకతో వచ్చినేటివి యల్లమ్మా."

"మాకూ పుట్టుకతో ఉన్నాయిలే."

"పొద్దున సూసేదానికి పెడితే మేనేజరు సారుకు పడింది, క్లర్కుకు పడింది, ఇప్పుడు నీకు పడింది," అని మౌలాలి వేళ్లు మడిచాడు. "ముగ్గురూ ఒక జాతే!"

ఏలీయా ఆ చేతిని జేబులో దాచుకుందామనుకున్నాడు. దాచితే దొంగ, చాపితే దొర. తొమ్మిదేళ్లుగా పిడికిలి బిగించి పైకెత్తిన చెయ్యి అది. వేలు లోపలే ఉండడం వల్ల ఇన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు.

యంత్రం ఆగకుండా కూస్తోంది. అర నిమిషంలో అంకె నొక్కాలి.

"యాడ నొక్కుతాండావు మామా?" అన్నాడు కుళ్లాయప్ప. "మేనేజరు చెప్పిన కాడేనా?"

ఒకటి నొక్కితే అమ్ముడుపోయాడన్న మాట ఖాయం. సాయంత్రానికి మిగతా వేళ్లు ఎలాగోలా పడతాయి, తన వైపు నలభై ఓట్లున్నాయి. ఒక్కటి దానం చేస్తే పోయేదేముంది? ఏలీయా అందరికీ కనబడేలా రెండు నొక్కాడు.

"మా మామ శానా గొప్పోడబ్బా!" అని కుళ్లాయప్ప చప్పట్లు కొట్టాడు. జీపుల ఇంజన్లు ఆగిపోయాయి. ఏలీయాకు కళ్లు చెమర్చాయి. తన మంచితనాన్ని తనే నమ్మేశాడు.

సాయంత్రం అయిదు దాకా మిగతా వేళ్లన్నీ యంత్రం ముందుకు వచ్చి వెళ్లాయి. అయిదింటికి అదే ఒక చీటీ కక్కింది. గంగాధర్ రెండుసార్లు మనసులో చదువుకుని, మూడోసారి పైకి చదివాడు.

"మొత్తం ఓట్లు ఒకటి. కుళ్లాయప్పకు ఒకటి. ఏలీయాకు సున్నా."

"ఇది చెల్లదు సార్! మళ్లా పెట్టల్ల!" అన్నాడు ఏలీయా.

కుళ్లాయప్ప జేబులోంచి కాగితం తీసి మడత విప్పాడు. "సదువు మామా. నీ చేతిరాతే గదా."

మరునాడు ఏలీయా బండ ముందు కూర్చున్నాడు. వారానికి చేతులు బొబ్బలెక్కాయి. యల్లమ్మ ఏమీ అనకుండా నీళ్ల డబ్బా అతని వైపు జరిపింది. యంత్రం గోడ మీదే ఉంది. దాని కింద బల్ల మీద, వేలు పడనివాళ్ల కోసం, పాత హాజరు పుస్తకమూ ఉంది.

ఆరు నెలల తర్వాత ఒక ఉదయం యంత్రం ఏలీయాకు ఎర్రదీపం చూపింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్రదీపమే. అతను ఆ వేలును పైకెత్తి లైను మొత్తానికీ చూపించాడు. మౌలాలి ఈల వేశాడు.

అతని వెనక ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డ కుళ్లాయప్పకు మాత్రం తాకీ తాకకముందే పచ్చదీపం వెలిగింది.