నిబంధనలకు లోబడి ప్రపంచశాంతి

డిసెంబరులో ప్రపంచశాంతి కావలసినవారు ఆగస్టులోనే దరఖాస్తు పెట్టుకోవాలి. అమెరికాలోని మెంఫిస్ నగరపు పాటల కంపెనీల్లో ఇది తిరుగులేని నియమం. క్రిస్మస్ ఆల్బమ్ మండుటెండల్లోనే రికార్డు కావాలి, మైకులో హోరు వినిపిస్తుంది కనుక ఏసీ ఆపాలి, గాయకుడు చెమటలు కక్కుతూ మంచు గురించి పాడాలి.

అరవై మూడేళ్ల సోల్ సంగీత గాయకుడు లూషస్ టిబ్స్‌కి ఈ చెమట కొత్త కాదు. ఏడుపు గొంతుతో ప్రేమపాటలు పాడి ముగ్గురు భార్యలను సంపాదించుకున్నవాడు (అదే గొంతుతో ముగ్గురినీ పోగొట్టుకున్నాడు). ఈసారి ఆల్బమ్ నిండా శాంతే. ఆయన అసలు కోరిక మాత్రం ఒక్కటే: చివరి పాటలో అక్క ఎర్లీన్ తనతో గొంతు కలపాలి. పదకొండేళ్లుగా ఆమె ఆయనతో మాట్లాడటం లేదు.

కంపెనీ పండుగల విభాగాధికారిణి మిస్ గేడ్స్ ఆయన ముందు పద్నాలుగో నంబరు ఫారం పెట్టింది. శాంతి కోరే గాయకుడు తనకు పడనివారిలో కనీసం ఒక్కరి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలట. మూడు నకళ్లు. (గుండె పగిలే పాటలకైతే ఒకటి చాలు.) నిరుడు ఒకాయన సామరస్యం మీద పాడి, ఆల్బమ్ విడుదల రోజునే పక్కింటాయన్ని కొట్టాడనీ, అప్పట్నుంచే ఈ నిబంధన అనీ ఆవిడ ఓపిగ్గా వివరించింది.

ఇదే మంచి సాకనుకుని లూషస్ నాలుగు వీధుల అవతల ఉన్న అక్క ఇంటికి వెళ్ళాడు. వంటింట్లో ఆకుకూర తుంచుతున్న ఎర్లీన్ చేతులు తుడుచుకుని, ఫారం ఆసాంతం చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"అమ్మ అంత్యక్రియలకి చర్చిలో పంచిన కార్యక్రమం కాగితంలో రెండో పాట ఎవరి పేరున అచ్చయిందిరా?"

"నీ పేరునే అక్కా."

"పాడిందెవరు?"

పాడింది లూషసే. ఆ రోజు ఆమె లేచి నిలబడేలోపే మైకు అందుకుని పందొమ్మిది నిమిషాలు పాడాడు. చర్చి అంతా ఏడ్చింది. శవపేటిక ఎదురుగానే ఉన్నా, ఆ ఏడుపు తన గొంతుకే అనుకున్నాడు.

"మూడింటి మీదా సంతకం పెడతాను. నీతో పాడతాను కూడా. తప్పు నాదే అక్కా అను, చాలు," అంది ఎర్లీన్.

లూషస్ నోరు తెరిచాడు. అనాలనే ఉంది, ప్రాణం కొట్టుకుపోతోంది. తీరా బయటికి వచ్చింది మాత్రం, ఆ రోజు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు కదా అన్న మాట. ఎర్లీన్ ఫారం మడిచి ఆయన జేబులో పెట్టి, మళ్లీ ఆకుకూర ముందేసుకుంది.

దారి పొడవునా లూషస్ తనను తాను తిట్టుకున్నాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.

మిస్ గేడ్స్ కంగారుపడలేదు. శాంతి పాడేవాళ్లలో ఇలాంటి వారే ఎక్కువనీ, వారి సౌకర్యార్థం ఉపనిబంధన ఒకటి ఉందనీ చెప్పింది. కోరే శాంతి విదేశాలకే పరిమితమైతే ఎవరి సంతకమూ అక్కర్లేదు. లూషస్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం, పేరు కూడా సరిగ్గా పలకలేని దేశాల కోసం ఆయన వెక్కివెక్కి పాడుతుంటే, రికార్డు చేసే ఇంజనీరు సైతం కళ్లు తుడుచుకున్నాడు.

డిసెంబరులో ఆల్బమ్ వచ్చింది. అట్ట వెనుక, అడుగున, చిన్న అక్షరాల్లో కంపెనీవారి గమనిక: ఈ శాంతి మెంఫిస్ నగర పరిధిలో వర్తించదు.