తెగని చెరువు

బూదికోట పక్కనున్న మా పల్లెలో చెరువు కట్ట ఏనాడూ తెగలేదని ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేస్తున్నాను. దానికి సాక్షిని నేనే. కట్ట తెగిన చోట నిలబడి, జీపు బానెట్టు మీద కాగితం పెట్టుకుని, కొట్టివేతలు లేకుండా సంతకం చేశాను.

నా సంతకానికి విలువ ఉంది. కోలారు బంగారు గనుల్లో, కోరమండల్ గనిలో ముప్పై ఏళ్ళు టైమ్‌కీపరుగా పని చేసినవాణ్ణి. గనులు దొరల చేతి నుంచి సర్కారు చేతికి వచ్చిన రోజున కూడా నా కుర్చీ అంగుళం కదలలేదు. రిటైరై సొంత పల్లెకు వచ్చి చూద్దును గదా, ఇక్కడ కరువు సర్వేలు ఒక పద్ధతీ పాడూ లేకుండా జరుగుతున్నాయి. జీపు వచ్చేసరికి ఒకడు బీడీ కాలుస్తూ నవ్వుతుంటాడు. ఇంకో మహాతల్లి ఏకంగా అధికారికి చల్లటి మజ్జిగ ఇచ్చింది. కరువు పల్లెలో మజ్జిగ ఎలా వచ్చిందని ఆయన కాగితం మీద రాసుకుని పోయాడు. ఆ ఏడు పశువుల మేత పక్క ఊరికి పోయింది.

నేను షిఫ్టులు వేశాను. జీపు హారను వినపడగానే ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో బోరింగు దగ్గర వరుసలో నిలబడాలి. బక్క ఆవులు ముందుకు రావాలి, పాలిచ్చేవి దొడ్డమునియప్ప మామిడి తోపు వెనక్కి పోవాలి. దొడ్డమునియప్ప అంటే మా పంచాయతీ మెంబరు, పల్లెకు పెద్ద దిక్కు. ముసలివాళ్ళు నేల మీద చతికిలబడి ఆకాశం వైపు చూడాలి. ఇదంతా నాలుగు నిమిషాల్లో పూర్తి కావాలి. రెండేళ్ళలో ఎంత పదును తేలామంటే, సర్వేకు వచ్చిన ఒక అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ ఏడుపొచ్చింది, గర్వంతో.

ఇలా ఉండగా ఒక కార్తీకంలో, ఎవరినీ సంప్రదించకుండా, నాలుగు రోజులు ఏకధాటిగా వాన కురిసింది. వానలో ఏం చేయాలో మా పల్లెకు తెలియదు. నాలుగో రోజు పొద్దున చెరువు కట్ట ఉత్తరం కొసన తెగింది. మిగతా పొలాల్లో బురద మేట వేసి ఊరుకున్నది గానీ, తెగిన చోటికి నేరుగా కింద ఉన్న చిన్నవెంకటమ్మ ఎకరా మీద తొడలోతు ఇసుక పోసిపోయింది. ఆమె మల్బరీ చెట్లూ, ఆవు పాకా కొట్టుకుపోయాయి. మొగుడు లేని మనిషి. ఆ ఎకరాలో పండే రాగులే ఆమెకు ఏడాది తిండి.

వెంటనే ప్రభుత్వం కదిలింది. సర్వే బృందం వచ్చి కళ్ళారా చూసేదాకా దెబ్బతిన్న భూమిని ఎవరూ ముట్టుకోరాదని, సర్వేలో నమోదైన పొలాల్లో ఇసుక తీయడానికి సర్కారు బుల్డోజరు వస్తుందని దండోరా వేయించింది. చిన్నవెంకటమ్మ ఆ మాటను వేదంలా నమ్మింది. క్యాసంబళ్ళి ఊరి దాకా పేరు పోయిన ఆ మంచి ఇసుక కోసం ఇల్లు కట్టుకునేవాళ్ళు బండ్లు కట్టుకుని వస్తే, గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడింది.

"ముట్టుకోవద్దండప్పా! సార్లు వచ్చి చూడాల. చూసినాక మీరే ఎత్తుకోండి," అనేది.

తన నాశనానికి తానే కాపలా కాసిన పౌరురాలు ఈ జిల్లాలో మరొకరు ఉంటారనుకోను. అయిదు నెలలు కాసింది.

ఉగాది దాటాక జీపు వచ్చింది. హారను మోగింది. ఇక్కడే చిన్న పొరపాటు జరిగింది. అది వరద సర్వే అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు, బిందెలు వరుసకెక్కాయి, పాడి ఆవులు తోపు వెనక్కి పోయాయి, ముసలివాళ్ళు ఆకాశం వైపు చూశారు. అలవాటైన చేయి గదా, నేనే గడియారం చూసి తల ఊపాను.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చెన్నరాయప్ప గారు జీపు దిగి, ఆ వరసను చూసి, గొంతు సవరించుకున్నారు.

"మహాజనులారా! మీ దాహం ప్రభుత్వ దాహం. మీ ఎండిన గొంతులో మా గొంతు ఉంది. ఈ చెరువులో చుక్క నీరు లేకపోవడం నేను స్వయంగా చూశాను. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

చెరువులో చుక్క నీరు లేని మాట నిజమే. కట్ట తెగితే నీళ్ళు ఆగవు. కానీ ఈ రహస్యం ఆయనకు ఎవరూ చెప్పలేదు. చిన్నవెంకటమ్మ ఒక్కతే వరసలోంచి బయటికి వచ్చింది.

"సారూ, మాకు కరువు కాదు. నీళ్ళొచ్చి కొట్టుకోనిపోయినాయి. నా చేనంతా ఇసకే ఉండాది. ఆ ఒక్క మాటా రాసుకోండి సారూ, ఆషాఢానికి రాగులు చల్లుకోవాల."

చెన్నరాయప్ప గారు సంచీ తీసి చూపించారు. అందులో ఉన్నవన్నీ కరువు ఫారాలే. దండోరా వేయించింది వేరే శాఖ అని, ఈ జిల్లాలో వరద వచ్చినట్టు తమ శాఖకు తెలియదని, తెలియని దానికి ఫారం అచ్చు వేయరని ఆయన ఎంతో ఓర్పుగా వివరించారు. వరద రాయాలంటే మళ్ళీ రావాలి, ఎప్పుడో చెప్పలేరు. కరువైతే ఈ పూటే రాసుకుంటారు, ఊరందరి పశువులకూ బూసా, అంటే తవుడు సంచులు, ఒక బోరుబావి వస్తాయి.

దొడ్డమునియప్ప ఆమెను పక్కకు పిలిచాడు. "యోచన చేయమ్మా. ఊరంతా ఒక పక్క, నువ్వొక్కతే ఒక పక్కా? వరద అంటే నీ చేను ఒకటే. కరువంటే అందరమూ. ఇంగ నోరు మూసుకో."

ఆమె నా వైపు చూసింది. "టైమ్‌కీపరప్పా, నువ్వు చదువుకున్నోడివి. నువ్వన్నా చెప్పు."

చెప్పేవాణ్ణే. కానీ నాకూ రెండు ఆవులున్నాయి.

మహజరు, అంటే చూసింది చూసినట్టు రాసే పంచనామా, రాశారు. చెరువు కట్ట స్థితి అన్న గడిలో తెగిందని రాస్తే, చెరువు ఎండడానికి కారణం కరువు కాకుండా పోతుంది. కాబట్టి 'సుభద్రం' అని రాయించాను. ఇసుక గాలికి చేరిందని రాయించింది కూడా నేనే. సంతకం గురించి మీకు ముందే మనవి చేశాను. ఆ ఇసుకలో చిన్నవెంకటమ్మను ఖాళీ బిందెతో నిలబెట్టి ఫొటో తీశారు. తాలూకా కచేరిలో ఇప్పటికీ ఉంది. చాలా బాగా వచ్చింది.

బూసా వచ్చింది. బోరుబావి దొడ్డమునియప్ప తోపులో పడింది. గాలి తెచ్చిన ఇసుకకు బుల్డోజరు ఇచ్చే పద్దు లేదని చిన్నవెంకటమ్మకు కాగితం వచ్చింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఇంటింటికీ తిరిగి మేం పారేసిన ఖాళీ బూసా సంచులు అడిగి తీసుకుపోయింది. ఎండలో ఒక్కతే ఇసుక నింపి, సంచి మీద సంచి పేర్చి, చేను పైగట్టున అడ్డం కట్టింది. ఆషాఢానికి సగం ఎకరా నల్లమన్ను తేలింది. ఆ మేరకు రాగులు చల్లింది. మేం నవ్వుకున్నాం. కరువు ఊళ్ళో వరదకు అడ్డం ఏమిటని నేనే అన్నట్టు గుర్తు.

మళ్ళీ కార్తీకం దగ్గరపడుతుంటే మాకు కట్ట గుర్తొచ్చింది. తాలూకా కచేరికి పోయి, తెగిన కట్ట పూడ్చమని అర్జీ పెట్టాం. గుమాస్తా మర్యాదగా మహజరు తీసి చూపించాడు.

"కట్ట సుభద్రం అని ఉండాది గదప్పా. తెగని కట్టను యాడ పూడ్చాల? ఈ సంతకం ఎవరిదో కనుక్కోండి ముందు."

కనుక్కోవలసిన పని లేకపోయింది.

మొన్న వాన పడింది. నీళ్ళు పాత దారినే వచ్చి, చిన్నవెంకటమ్మ సంచులకు తగిలి, పక్కకు తిరిగి, నేరుగా నా రాగి చేనులోకీ దొడ్డమునియప్ప తోపులోకీ దూరాయి. వెన్నుల మీద ఉన్న పైరు. నా కళ్ళ ముందే మునుగుతోంది. మేం కేకలు వేస్తుంటే ఆమె గట్టు మీద నుంచి అంది.

"అరిస్తే ఏమొస్తాదప్పా? ఆ ఖాళీ బిందెలు యాడ పెట్టినారు? తీసుకురాండి, తోడదాం."

ముందు చేనులోకి దిగింది కూడా ఆమే. ఊరంతా బిందెలతో వచ్చింది. నేను నేర్పిన వరసలోనే నిలబడి, చేతి నుంచి చేతికి అందిస్తూ తోడాం. నీటి మట్టం జానెడు తగ్గింది. చేను దక్కుతుందని నాకు ఆశ పుట్టింది.

అప్పుడు మలుపులో జీపు హారను మోగింది.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. బిందెల్లో ఉన్న నీళ్ళన్నీ నా చేనులోకే ఒంపేసి, మోకాలి లోతు నీళ్ళలో, ఖాళీ బిందెలతో వరసగా నిలబడ్డాం. ముసలివాళ్ళు వానలో ఆకాశం వైపు చూశారు. చిన్నవెంకటమ్మ ఒక్కతే వంగి తోడుతూనే ఉంది, అదీ నా చేనులో. చెన్నరాయప్ప గారు గొడుగు కింద నుంచి కరువు ఫారం బయటికి తీశారు.

నేను గబగబా గట్టెక్కి, తడి చేతులు పంచెకు తుడుచుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో అడిగాను.